సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ డాంగిల్ పెట్టి చూడండి

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఎన్ని చూస్తాం! బ్యాటరీ హెల్త్ చూస్తాం, ఐఎంఈఐ చెక్ చేస్తాం, డిస్‌ప్లే మార్చారేమోనని టార్చ్ వేసి మరీ అంచులు చూస్తాం. పదిహేను వేల ఫోన్‌కి ఇంత హడావిడి చేసేవాళ్లమే, మూడు లక్షల కారు దగ్గరికి వచ్చేసరికి సీటు కవర్లు, టచ్ స్క్రీన్, పాలిష్ చేసిన బానెట్ చూసి పడిపోతాం. స్విఫ్ట్, ఐ10, వ్యాగన్ఆర్ సైజు పెట్రోల్ బండ్లు కొనే ఫ్రెండ్స్‌తో తోడుగా వెళ్లడం ఈమధ్య నాకు అలవాటైంది. వెళ్లినప్పుడల్లా జేబులో ఓ ఓబీడీ డాంగిల్ ఉంటుంది.

2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకి ఓబీడీ-2 తప్పనిసరి చేశారు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో డాంగిల్ గుచ్చి, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపి, టార్క్ లేదా కార్ స్కానర్ లాంటి యాప్ తెరిస్తే ఇంజన్ కంప్యూటర్ చెప్పే లెక్కలన్నీ స్క్రీన్ మీదకొస్తాయి. ఆన్‌లైన్‌లో దొరికే ఈఎల్ఎం327 డాంగిళ్లలో ఎక్కువ భాగం క్లోన్లే. కొన్ని కొన్ని కార్లతో అసలు మాట్లాడవు. అందుకే కొన్న వెంటనే తెలిసినవాళ్ల కారులో పెట్టి చూసి, పనిచేయకపోతే రిటర్న్ కొట్టండి. ఐఫోన్ వాడేవాళ్లు పాత బ్లూటూత్ మోడల్ తీసుకోవద్దు, వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ ఉన్నదే తీసుకోవాలి.

బండి స్టార్ట్ చేయకముందే చూడాల్సింది కూలెంట్ టెంపరేచర్. ఇంజన్ నిజంగా రాత్రంతా ఆగి ఉంటే అది బయటి గాలి టెంపరేచర్‌కి దగ్గరగా ఉండాలి. పొద్దున్నే వెళ్లినా అది 60 డిగ్రీలు చూపిస్తోందంటే మనం వచ్చే ముందే ఎవరో ఇంజన్ వేడి చేశారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి మొండికేసే బండ్లు, మొదట్లో నీలం పొగ వదిలే బండ్లు వేడెక్కాక బుద్ధిమంతుల్లా ఉంటాయి. వేడిగా ఉంటే ఆ రోజు చూడకుండా ఇంకో రోజు వస్తామని చెప్పేయడమే మంచిది.

తర్వాత వోల్టేజ్. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.4 నుంచి 12.7, ఆన్‌లో ఉన్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ పర్వాలేదు. ఇంజన్ బాగా వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉంటే సరే. ప్లస్ 20 దగ్గర కూర్చుందంటే ఎక్కడో గాలి లీక్, మురికి ఇంజెక్టర్లు, నీరసపడ్డ ఫ్యూయల్ పంప్ లాంటివి అనుమానించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి ఇంజన్ కాస్త ఎక్కువ ఇంధనం కొట్టాల్సి ఉంటుంది కాబట్టి కొంచెం ప్లస్ వైపు ఉండటం మామూలే, దానికి కంగారు పడొద్దు.

ఇక ఎర్రర్ కోడ్లు. "నో ఫాల్ట్ కోడ్స్" అని కనిపించగానే సంతోషపడిపోకండి. మన దగ్గరున్న డాంగిల్ అమ్మేవాడి దగ్గరా ఉంటుంది. ఒక్క బటన్‌తో కోడ్లన్నీ చెరిపేయొచ్చు. కానీ చెరిపినప్పుడు ఇంకో రెండు కూడా రీసెట్ అవుతాయి: రెడీనెస్ మానిటర్లు, "కోడ్లు క్లియర్ చేశాక తిరిగిన దూరం". చూడాల్సింది వీటినే.

మా రూమ్మేట్ ఓ యార్డులో 2015 మోడల్ హ్యాచ్‌బ్యాక్ చూసి ముచ్చటపడ్డాడు. ఉద్యోగంలో చేరాక దాచుకున్న డబ్బంతా ఆ బండికే. కోడ్లు సున్నా. క్లియర్ చేశాక తిరిగిన దూరం మాత్రం 4 కిలోమీటర్లు, మానిటర్లలో సగం "నాట్ రెడీ". అడిగితే "నిన్ననే కొత్త బ్యాటరీ వేశాం సార్" అన్నారు. అబద్ధమని చెప్పలేం, బ్యాటరీ వైరు తీసినా ఇవన్నీ రీసెట్ కావచ్చు. దాంతో లాంగ్ డ్రైవ్ అడిగాం. ఏసీ వేసి, నలుగురం ఎక్కి, ఫ్లైఓవర్ ఎక్కించి దించి ముప్పావు గంట తిప్పాం. డ్యాష్‌బోర్డ్ మీద లైటు వెలగలేదు. యాప్‌లో పెండింగ్ కోడ్ల పేజీలో మాత్రం పీ0303 పడింది, అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. మిస్‌ఫైర్ రెండోసారి కూడా రిపీట్ అయితేగానీ సాధారణంగా లైటు వెలగదు, పెండింగ్‌లో ముందే కనిపిస్తుంది.

మిస్‌ఫైర్ అనగానే ఇంజన్ పోయిందని కాదు. కొన్ని వందల రూపాయల స్పార్క్ ప్లగ్ కావచ్చు, ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు. మూడో సిలిండర్ కాయిల్‌ని ఒకటో దానికి మార్చి నడిపితే కోడ్ పీ0301కి మారుతుందా లేదా అన్నదాంతో తేలిపోతుంది. అసలు భయం కంప్రెషన్ తగ్గిందేమోనని. అదే అయితే ఇంజన్ విప్పాలి, ఖర్చు పదివేలతో ఆగదు. మా ఖర్చుతో కంప్రెషన్ టెస్ట్ చేయిస్తాం అన్నాం. "వేరే పార్టీ సాయంత్రం వస్తున్నారు" అన్నారు. వచ్చేశాం. మావాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే సంగతి.

క్లచ్‌ని కూడా ఫోన్‌తో పట్టుకోవచ్చు. యాప్‌లో ఆర్‌పీఎం, స్పీడ్ రెండూ గ్రాఫ్ పెట్టి, నాలుగో గేర్‌లో 40 మీద ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. గేర్ మారనంత వరకూ రెండు గీతలూ కలిసే పెరగాలి. ఆర్‌పీఎం ఎగిరి స్పీడ్ వెనకబడితే ప్లేట్ అరిగిపోయింది. సిటీ ట్రాఫిక్‌లో నలిగిన బండ్లకి ఇది సహజం, చిన్న కార్లలో సెట్ మార్చడానికి కూలీతో కలిపి సుమారు ఎనిమిది, పది వేలు.

కానీ డాంగిల్‌కి చెవుల్లేవు. స్పీడ్ బ్రేకర్ మీద లొడలొడ, స్టీరింగ్ ఫుల్లుగా తిప్పితే టకటక శబ్దం, లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు ఇవేవీ యాప్‌లో రావు. అద్దాలు దించి, పాటలు ఆపి, గతుకుల రోడ్డు మీద నడపాల్సిందే. చాలా పాత కార్లలో ఓడోమీటర్ రీడింగ్ కూడా మామూలు యాప్‌లకి అందదు. మీటర్ వెనక్కి తిప్పారేమో తెలియాలంటే సర్వీస్ హిస్టరీ చూడాలి, పెడల్ రబ్బర్ల అరుగుదల చూడాలి. టైరు మీద నాలుగంకెల కోడ్ చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. "ముప్పై వేలే తిరిగింది" అన్న పదేళ్ల బండికి నిరుడు తయారైన నాలుగు టైర్లుంటే ఎందుకు మార్చారో అడగాలి.

డబ్బు సంగతి. మూడు లక్షల బండికి మూడు లక్షలే పెట్టుకుని వెళ్లకండి. నాలుగు టైర్లు 16 వేలు, బ్యాటరీ నాలుగున్నర, క్లచ్ ఎనిమిది, సస్పెన్షన్ పనులు ఆరు, ఫుల్ సర్వీస్ ఆరు, ఇన్సూరెన్స్ మరో ఎనిమిది. అన్నీ ఒకేసారి రావాలనేమీ లేదు గానీ, వస్తే 48,500. నా లెక్కలో మొదటి ఏడాదికి యాభై వేలు పక్కన ఉండాలి. పెట్రోల్ వేరే. నెలకి వెయ్యి కిలోమీటర్లు, సిటీలో 15 మైలేజ్, లీటరు రూ.107 అనుకుంటే ఏడు వేలు దాటుతుంది.

ఇన్సూరెన్స్‌లో చాలామందికి తెలియనిది ఒకటుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు, అది ఆయనతోనే పోతుంది. ఆ తేడా మనం కట్టి, కొన్న 14 రోజుల్లోపు పాలసీని మన పేరు మీదకి మార్పించుకోవడానికి అప్లై చేయాలి. ఫారం 29, 30 సంతకాలు, లోన్ ఉంటే ఫారం 35, పెండింగ్ చలాన్లు డబ్బు చేతులు మారే ముందే చూసుకోండి. బండికి 15 ఏళ్లు దగ్గర పడుతుంటే 2022 ఏప్రిల్ నుంచి ఆర్సీ రెన్యువల్ ఫీజు రూ.5,000 అయిందని గుర్తుంచుకుని బేరమాడండి.

కారు కొన్నాక డాంగిల్‌ని సాకెట్‌లోనే వదిలేయకండి. చవక రకాలు బండి ఆపినా కరెంటు తాగుతూనే ఉంటాయి, వారం కదపకపోతే బ్యాటరీ డౌన్ అయ్యే ఛాన్స్ ఉంది. పైగా వాటి బ్లూటూత్ పిన్ చాలావరకు 1234.