మీకు తెలుసా? అట్టపెట్టెలో బీరువా వచ్చింది... పనిముట్లు ఏవి?

ముక్కలు ముక్కలుగా ఇంటికొచ్చిన బీరువా ముందు కూర్చున్నారా? ఆగండి! పెట్టె విప్పేముందు ఇటు చెవి పెట్టండి!

ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ పక్కన సిల్తారా అనే ఊరుంది! అక్కడి ఫర్నేసుల్లో కాగిన ఉక్కులో కొంత తీగచుట్టలుగా బయటికొస్తుంది. మీ బీరువా మరమేకు పుట్టేది అలాంటి తీగలోంచే! చుట్టలో తీగ మందం మామూలుగా 5.5 మిల్లీమీటర్ల నుంచి మొదలు! అసలు వింత ఇప్పుడు చెబుతా. ఆ మరను చెక్కరు! కోయరు! రెండు పలకల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతూ దొర్లిస్తారు! లోహం ఉబికి మరగా లేస్తుంది! పొట్టు రాలనే రాలదు! నమ్మకం లేదా? ఓ మరమేకు తీసి వెలుతురులో పట్టుకోండి. తల కింద మర లేని మెడ ఉంటుంది చూడండి. మర అంచుకన్నా ఆ మెడే సన్నం!

సిల్తారా అనగానే గుర్తొచ్చేది ఉక్కుకు ముడిసరుకైన స్పాంజ్ ఐరన్! మరి దేశంలో మొట్టమొదటి స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టారు? ఛత్తీస్‌గఢ్‌లో కాదు! మన పాల్వంచలో! అప్పటి ఖమ్మం జిల్లాలో! 1980లోనే!

ఇక పనిముట్లకు వద్దాం. పెట్టె అడుగున ఓ వంకర కడ్డీ పడి ఉంటుంది. అదే ఎల్-కీ! ఊరికే వచ్చిందని చులకన చేయకండి! పొట్టి కొసను గుంటలో పెట్టి పొడుగు కాడ తిప్పండి, బలం! పొడుగు కొసను గుంటలో పెట్టి తిప్పండి, వేగం! ఒకే కడ్డీ, రెండు పనిముట్లు! మూల ఇరుకుగా ఉండి చెయ్యి తిరగట్లేదా? 60 డిగ్రీలు తిప్పి, తీసి, మళ్లీ పెట్టండి! ఆరు పలకల గుంట కదా, టక్కున పట్టేస్తుంది!

దీనికో అన్న ఉన్నాడు! కొస గుండులా ఉండే ఎల్-కీ! గుంటలోకి నిటారుగా దిగక్కర్లేదు. దాదాపు 25 డిగ్రీలు పక్కకు ఒరిగినా మర తిరుగుతుంది! ఒక సెట్టు కొనిపెట్టుకోండి, నా మాట వినండి!

ఇప్పుడు అసలు రహస్యం. దగ్గరికి రండి! మీ ఇంట్లో స్టార్ స్క్రూడ్రైవర్ ఉందా? ఉందంటారు. ఏ స్టార్? అవును! స్టార్లు ఒక రకం కాదు! మరమేకు తల మీద ప్లస్ గుర్తు కనిపిస్తుంది కదా. ఆ నాలుగు చేతుల మధ్య సన్నటి గీతలు ఇంకో నాలుగు ఉన్నాయేమో చూడండి. ఉంటే లెక్కపెట్టండి, మొత్తం 8! అది మామూలు ఫిలిప్స్ కాదు, పోజిడ్రైవ్! యూరప్ పద్ధతిలో చేసిన సామాన్లకు ఎక్కువగా వచ్చేది ఇదే! దీంట్లో మన పాత స్టార్ పెట్టి తిప్పారా, జర్రున జారుతుంది! రెండుసార్లు జారితే గుంట అరిగి గుండ్రమవుతుంది! ఇక ఆ మరమేకు లోపలికీ పోదు, బయటికీ రాదు! తప్పు మీ చేతిది కాదండీ, మొనది! కొట్టుకెళ్లి ‘పీజెడ్ 2’ బిట్ అడగండి. కరెంటు టెస్టర్‌తోనే బీరువా బిగించేస్తాననే మహానుభావులకు మాత్రం ఓ దండం!

చెక్కలో దిగి కూర్చునే గుండ్రటి లోహపు బిళ్ల చూశారా? దాని మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. ముందు ఆ బాణం ఎదుటి పలక వైపు చూడాలి! తర్వాత అరచుట్టు తిప్పితే చాలు, రెండు పలకలు అతుక్కుపోతాయి! ఎక్కువగా కనిపించే బిళ్ల అడ్డకొలత 15 మిల్లీమీటర్లే! డ్రిల్ మిషన్‌ను దీని దరిదాపులకు రానివ్వకండి! చేత్తోనే తిప్పండి!

అరల కోసం బీరువా లోపల వరసగా చిల్లులుంటాయి. ఎక్కడపడితే అక్కడ కొట్టినవి కావు! పక్కపక్క చిల్లుల మధ్య దూరం కొలవండి. చాలా కంపెనీల్లో అది 32 మిల్లీమీటర్లే! దేశం మారినా అదే కొలత!

కొలవమన్నాను కదా, టేపు తీయండి. కొసన కొక్కెం కొద్దిగా ఊగుతోందా? పాడైందనుకుని సుత్తితో కొట్టి బిగించేశారా? అయ్యో! అది కావాలనే వదులుగా పెట్టారు! కొక్కెం మందం ఎంతో, సరిగ్గా అంతే ఊగుతుంది! దాదాపు ఓ మిల్లీమీటరు! అంచుకు తగిలించి లాగితే బయటికి జరుగుతుంది. గోడకు ఆనించి నొక్కితే లోపలికి జరుగుతుంది. ఎలా కొలిచినా లెక్క తప్పదు!

బీరువా వంకర లేకుండా నిలబెట్టడానికి రసమట్టం కొన్నారా? మంచిది! అది నిజం చెబుతోందో లేదో ఎలా తెలుస్తుంది? పలక మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూడండి. 180 డిగ్రీలు తిప్పి అక్కడే మళ్లీ పెట్టండి. బుడగ అదే వైపు, అంతే దూరంలో ఆగితే రసమట్టం మంచిదే! చోటు మారిందా, కొట్టువాడికి తిరిగిచ్చేయండి!

విడిభాగాల కుర్చీ కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారా? 1859 నాటి థోనెట్ కంపెనీ కుర్చీకి చెక్క ముక్కలు ఆరే! ఒక్క ఘనపు మీటరు పెట్టెలో విడదీసిన కుర్చీలు ఎన్ని పట్టేవో తెలుసా? 36!

విడిభాగాల సామాన్లు అమ్మే ఐకియా దేశంలోనే తన మొదటి కొట్టును హైదరాబాద్‌లో 2018 ఆగస్టులో తెరిచింది కదా. బల్లలు, కుర్చీలు అమ్మే కొట్టులో భోజనానికి ఎన్ని సీట్లు? 1000! ఏం, బీరువా మోయాలంటే తినొద్దూ!

ఇంకో చిత్రం! సొంతంగా బిగించిన పెట్టె మనకు బంగారంలా కనిపిస్తుందట! అమెరికా పరిశోధకులు పరీక్ష పెట్టారు. బిగించి ఉన్న పెట్టెకు ఇస్తామన్న ధరకన్నా, తాము బిగించినదానికి జనం 63 శాతం ఎక్కువ ఇస్తామన్నారు! కాస్త వంకర ఉన్నా సరే!

చివరగా డ్రిల్ మిషన్. మెడ చుట్టూ బిగింపు బలాన్ని చెప్పే అంకెలున్నాయా? పార్టికల్ బోర్డుకు చిన్న అంకెతో మొదలుపెట్టండి, లేదంటే చిల్లు పిండి పిండి అవుతుంది! బ్యాటరీ డ్రిల్ చంద్రుడి మీదికి కూడా వెళ్లిందని తెలుసా? 1971లో, అపోలో 15తో! అక్కడ నేలలోకి దింపిన గొట్టం ఇరుక్కుపోయింది! ఎంత లాగినా రాదే! చివరికి వ్యోమగాములు ఇద్దరూ కలిసి బలం పెడితేగానీ ఊడలేదు! కాబట్టి బీరువా నిలబెట్టేటప్పుడు పక్కింటాయన్ని కేకేయడానికి మొహమాటపడకండి!