తెరమీది ఆకాశంలో నిజమైన విమానాలు

విమానం నడపటం నేర్చుకొనేవారు తొలి పాఠాలను నేలమీదనే నేర్వటం కొత్త సంగతి కాదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన ఇందుకొక యంత్రాన్ని నిర్మించాడు. ఆయన తండ్రి పియానోలు, ఆర్గన్ వాద్యాలు తయారుచేసేవాడు. ఆర్గనులో గాలి నింపే తిత్తులనే లింక్ తన యంత్రానికి అమర్చి, అది నిజమైన విమానంవలె అటూ ఇటూ వంగేటట్లు చేశాడు. నేడు ఇంట్లోని కంప్యూటరు తెరమీదనే విమానం నడపటం అభ్యసించవచ్చును. ఇట్టి ఏర్పాటును సిమ్యులేటరు అంటారు. అయితే ఆ తెరమీద ఇతర విమానాలు లేకపోతే, చుట్టూ గమనిస్తూ నడపటమనే ముఖ్యమైన అలవాటు అబ్బదు. నిజంగా ఎగురుతున్న విమానాలనే తెరమీదికి తేవటం ఎట్లా?

విమానాల ప్రకటన

కావలసిన సమాచారాన్ని విమానాలే ఇస్తున్నవి. విమానం ఉపగ్రహాల సహాయంతో తన స్థానాన్ని తెలుసుకొని, 1090 మెగాహెర్ట్జుల రేడియో తరంగాలపై అందరికీ అందేటట్లు ప్రకటిస్తుంది. ఈ పద్ధతికి ఏడీఎస్-బీ అని పేరు. ఒక్కొక్క సందేశంలో 112 బిట్లు, అనగా 0 లేక 1 అనే గుర్తులు, ఉంటవి. వాటిలో 24 బిట్లు ఆ విమానపు గుర్తింపు సంఖ్య. చివరి 24 బిట్లు సందేశం దారిలో చెడిపోయినదేమో పరీక్షించటానికి. ఎగిరే విమానం తన స్థానాన్ని సెకండుకు సుమారు రెండుసార్లు, వేగాన్నీ దిశనూ మరి రెండుసార్లు తెలుపుతుంది.

అమరిక

ఈ తరంగాల పొడవు సుమారు 27.5 సెంటీమీటర్లు. అందులో నాల్గవ వంతు, అనగా దాదాపు 7 సెంటీమీటర్ల నిలువు తీగ ఏరియల్‌గా పనిచేస్తుంది. టెలివిజన్ కోసం తయారైన ఒకరకం చిన్న యూఎస్‌బీ రిసీవరు ఇతర తరంగాలనుకూడా పట్టగలదని 2012లో తెలిసినప్పటినుంచి, ఈ పని సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. రిసీవరు పట్టిన సంకేతాలను డంప్1090 అనే ఉచిత ప్రోగ్రాం విప్పి, కామాలతో విడదీసిన పంక్తులుగా మార్చి, కంప్యూటరులోని 30003 అనే పోర్టు ద్వారా అందిస్తుంది. సిమ్యులేటరుకు చేర్చిన మరొక చిన్న ప్రోగ్రాం వాటిని చదివి, తెరమీద విమానాలను చూపుతుంది.

ఈ తరంగాలు భూమి వంపును దాటి రాలేవు. సరళరేఖలో లెక్కిస్తే, 10,000 మీటర్ల ఎత్తున ఉన్న విమానానికి దిఙ్మండలం సుమారు 357 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దూరదేశపు ఆకాశం కావాలంటే, ఎందరో ఔత్సాహికుల రిసీవర్లనుంచి సమాచారం సేకరించే ఓపెన్‌స్కై వంటి వ్యవస్థలను ఆశ్రయించవలెను. అప్పుడు సమాచారం కొంత ఆలస్యంగా, విరామాలతో అందుతుంది.

ఊహించటమా, ఆగటమా?

అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. అందేవి బిందువులు, చూపవలసినది ఎడతెగని గమనం. సెకండుకు 100 మీటర్ల వేగంతో పోతున్న ఒక విమానం సెకండుకు 3 డిగ్రీల చొప్పున తిరుగుతున్నదనుకొందాము. దాని మార్గం సుమారు 1,910 మీటర్ల వ్యాసార్ధంగల వృత్తభాగం. పది సెకండ్లపాటు సమాచారం అందలేదు. విమానం పాత దిశలోనే పోతున్నదని ఊహించి గీస్తే, ఆ వ్యవధి చివర అది నిజస్థానానికి 250 మీటర్లకు పైగా పక్కన కనబడుతుంది. తరువాతి బిందువు అందగానే ఒక్క గంతు వేస్తుంది. ఏ విమానమూ అట్లా ఎగరదు. దానిని చూచి నేర్చినవానికి తప్పుడు అలవాటే అబ్బుతుంది.

దీనికి ఉపాయం, కావాలని కొంత ఆలస్యంగా చూపటం. రెండవ బిందువు చేతికి వచ్చేదాకా ఆగి, రెంటి మధ్యను పూరిస్తే, పై ఉదాహరణలో కేవలం సరళరేఖ గీసినా తప్పు 65 మీటర్లకు మించదు. దిశనుకూడా లెక్కలోకి తీసుకొంటే ఇంకా తగ్గుతుంది. గణితంలో మొదటి పద్ధతిని బహిర్వేశనమనీ, రెండవదానిని అంతర్వేశనమనీ అంటారు. ఆలస్యం అతిదీర్ఘ విరామంకంటె ఎక్కువగా ఉంటే ఊహతో పనిలేదు. కాబట్టి తెరమీద కనబడేది ఈ క్షణపు ఆకాశం కాదు. కొద్ది సేపటి క్రిందటి ఆకాశం. కాని అందులోని గమనం నిజమైనది.

ఎత్తు విషయంలోనూ జాగ్రత్త అవసరం. సందేశంలో సాధారణంగా ఉండే ఎత్తు వాయుపీడనంనుంచి లెక్కించినది; సముద్రమట్టంలో పీడనం 1013.25 మిల్లీబార్లు అనే భావనపై ఆధారపడినది. అల్పపీడనం వచ్చి అది 1003 మిల్లీబార్లకు తగ్గితే, మిల్లీబారుకు సుమారు 8 మీటర్ల చొప్పున 80 మీటర్ల తేడా వస్తుంది. సవరించకపోతే, నేలకు దిగుతున్న విమానం తెరమీద రన్‌వేకు 80 మీటర్ల పైన తేలుతుంది. స్థానిక పీడనాన్ని సిమ్యులేటరుకు తెలుపటం అందుకే.

ఈ సందేశాలను పంపినవారెవరో రుజువుచేసే ముద్ర వాటిలో లేదు. పైగా చిత్రం ఆలస్యమైనది. కనుక ఈ అమరిక అభ్యాసానికే తప్ప నిజమైన విమానానికి దారిచూపటానికి పనికిరాదు. తరగతిలో మాత్రం దీనికి మంచి ఉపయోగం ఉన్నది. ఒక విమానపు స్థానాలను కాలంతోసహా గ్రాఫు కాగితంపై గుర్తించి, మధ్యనున్న ఒక బిందువును దాచి, దానిని రెండు పద్ధతులలోనూ కట్టమంటే, ఏది ఎంత తప్పుతుందో విద్యార్థులు స్వయంగా కొలిచి తెలుసుకోగలరు.