రెండు ట్రయల్స్, ఒక్క వేలిముద్ర

'ట్రయల్' అనే ఇంగ్లీషు మాట మన వాడల్లోకి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి కోర్టు దారి, రెండోది దవాఖాన దారి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో "కేసు ట్రయల్‌కొచ్చింది" అంటే సాక్షులు నల్లగొండ బస్సెక్కాలని అర్థం. "మందు ట్రయల్" అంటే ఇంకా మార్కెట్‌కి రాని మందును మనిషి ఒంటి మీద పరీక్షించడం. రెండూ పెరుగుతున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో దళితుల మీద నేరాలు 2018లో 42,793 ఉంటే 2022లో 57,582 అయ్యాయి. విదేశాలతో పాటే ఇక్కడా అదే దశ పరీక్షలు చేసుకోవచ్చని 2005 జనవరిలో నిబంధన మార్చాక మందుల ట్రయల్స్ కూడా ఊపందుకున్నాయి. ఈ రెండింటినీ వేరువేరు శాఖల వ్యవహారంగా చూడటం మనకు అలవాటు. కానీ రెండుచోట్లా నిలబెట్టేది ఎక్కువగా ఒకే వాడ మనుషుల్ని. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

పేరు దగ్గరే పేచీ

2009లో సూర్యాపేట పక్కనున్న ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని ఇది. దీన్ని వాళ్లు ట్రయల్ అనలేదు, ప్రదర్శనా ప్రాజెక్టు అన్నారు. పేరు మారితే బాధ్యత మారిపోతుంది. ట్రయల్ అయితే బీమా ఉండాలి, దుష్ఫలితాల మీద నిఘా ఉండాలి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీంట్లో క్లినికల్ ట్రయల్ నిబంధనల్ని ఉల్లంఘించారని తేల్చింది. పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది మా ప్రశ్న కాదు. పిల్లల్ని ఎవరు అడిగారన్నదే ప్రశ్న.

కోర్టులోనూ పేచీ పేరు దగ్గరే మొదలవుతుంది. దళితుడు చస్తే అది 'పాత కక్ష', 'కుటుంబ తగాదా' అవుతుంది. కులం అన్న మాట ఎఫ్ఐఆర్‌లోకి రావాలంటే ఠాణా ముందు ధర్నా చేయాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఒకప్పుడు 'దళితుడు అయినందువల్లే' చంపారని రుజువు చేయాల్సి వచ్చేది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో 'దళితుడని తెలిసి' చేస్తే చాలు. రెండు మాటల తేడానే, కానీ ఎన్నో కేసులు ఆ రెండు మాటల మధ్యే కూలిపోయాయి.

వేలిముద్ర

ఖమ్మంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు. తల్లిదండ్రుల సమ్మతి అంటే ఇదీ. హాస్టల్లో చదివి పైకొచ్చిన మాలాంటి వాళ్లకు వార్డెన్ మాట అంటే ఏంటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన 'ఊ' అంటే ఊ, 'ఊహూఁ' అంటే ఊహూఁ.

మిర్యాలగూడ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పోతే పిడుగురాళ్ల. 2011లో అక్కడి పేద ఆడవాళ్లను హైదరాబాదు తీసుకుపోయి మందుల పరీక్షలు చేసిన సంగతి బయటపడింది. డబ్బులిస్తామన్నారు, వెళ్లారు. చదువు రాని మనిషి, కూలి దొరకని రోజు, చేతిలో పెట్టిన నోటు. ఈ మూడూ కలిసిన చోట వేసిన వేలిముద్రను సమ్మతి అనొచ్చా?

అదే వేలు కోర్టులో సాక్ష్యం కింద ముద్ర వేస్తే మాత్రం దాన్ని ఎవరూ అంత తేలిగ్గా నమ్మరు. 'ఆ రోజు ఎంత టైమైంది? నీకు గడియారం చూడటం వచ్చా?' అని డిఫెన్స్ వకీలు నిలదీస్తాడు. దవాఖానలో అన్నీ అర్థం చేసుకున్నట్టు లెక్కగట్టిన మనిషే, కోర్టు బోనులో ఏదీ అర్థం కాని మనిషైపోతాడు. మా వాదనంతా ఈ ఒక్క వైరుధ్యం చుట్టే.

గడువు

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో దవాఖాన నుంచి బయటికొస్తున్న పెరుమాళ్ల ప్రణయ్‌ను, గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. 2019లో చార్జిషీటు వేశారు. చార్జిషీటు వేసిన రెండు నెలల్లో, వీలైనంత వరకు, విచారణ ముగించాలని సవరించిన చట్టం చెబుతుంది. నల్లగొండ ప్రత్యేక కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం. ప్రధాన నిందితుడైన మామ 2020లోనే చనిపోయాడు. దేశమంతా చూసిన కేసుకే ఇన్నేళ్లు పట్టింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపితే 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

మందు ట్రయల్‌కి మాత్రం గడువు తప్పదు. కంపెనీకి రోజు రోజుకీ ఖర్చు. మన మనిషి త్వరగా కావాలి కాబట్టి వేలిముద్ర త్వరగా పడుతుంది.

ప్రాణం లెక్క

2005 నుంచి 2012 దాకా 475 కొత్త మందుల ట్రయల్స్‌లో 2,644 మంది చనిపోయారని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. అందులో మందు వల్ల చనిపోయింది 80 మందే అంది. స్వాస్థ్య అధికార్ మంచ్ వేసిన ఆ కేసు నడుస్తుండగానే, 2013లో, పరిహారం నిబంధన వచ్చింది. ఆ పరిహార సూత్రం 8 లక్షల దగ్గర మొదలై, వయసును బట్టీ జబ్బు తీవ్రతను బట్టీ మారుతుంది. అత్యాచారాల చట్టం కింద 2016 నిబంధనల్లో హత్యకు సహాయం 8 లక్షల 25 వేలు. ఏ దారిన పోయినా లెక్క ఇంచుమించు ఒకటే.

ఏం చేయాలి?

చట్టాల్లో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. అత్యాచారాల చట్టం 15ఎ సెక్షన్ ప్రకారం కోర్టు విచారణంతా వీడియో తీయాలి. కొత్త రసాయన పదార్థాల ట్రయల్స్‌లో బలహీన స్థితిలో ఉన్నవాళ్ల సమ్మతిని కూడా వీడియో తీయాలి. 2019 నిబంధనల ప్రకారం నైతిక సంఘంలో కనీసం ఏడుగురుండాలి. వాళ్లలో సగం మందైనా ఆ సంస్థకు బయటివాళ్లు కావాలి. ఒక సామాన్యుడు, ఒక స్త్రీ, ఒక న్యాయ నిపుణుడు ఉండాలి. దళితుడు ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి.

2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మన పిల్లలు డాక్టర్లవుతారని సంతోషం. పరిశోధన కూడా దగ్గరికొస్తుంది కాబట్టి ఇప్పుడే అడగాలి: నైతిక సంఘాల్లో మన వాడల మనిషికి చోటివ్వండి. సమ్మతి పత్రం తెలుగులో, చదివి వినిపించి, ఒక రోజు ఆలోచించుకునే టైమిచ్చి తీసుకోండి. నిఘా కమిటీ మినిట్స్ బయటపెట్టండి. 2025 జనవరిలో సూర్యాపేటలోనే కులాంతర పెండ్లి చేసుకున్న ఇంకో దళిత యువకుణ్ణి చంపారు. ఆ ఇంటి సాక్షులు నల్లగొండ బస్సు ఎన్నేళ్లు ఎక్కాలో ఇప్పటినుంచే లెక్కపెట్టుకోవాల్సింది మనమే.

ట్రయల్స్ పెరగడం ఒక్కటే న్యాయమూ కాదు, సైన్సూ కాదు. వేలిముద్ర వేసే మనిషికి 'వద్దు' అనే హక్కు దవాఖానలోనూ, 'చూశాను' అంటే నమ్మే న్యాయం కోర్టులోనూ దొరికిన రోజే ఆ రెండు మాటలకూ అర్థం ఉంటుంది.