తొలి రాగినాణెములు: బిళ్ళల గుణదోషములు, అచ్చుల అరుగుదల

ఆంధ్రదేశ ప్రాచీనచరిత్రకు నాణెములు ముఖ్యాధారములు. గోదావరీతీరమున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరకిన నాణెములపై గోబద, నారన, సమగోప మొదలగు రాజుల పేర్లు గలవు. పురాణములలోని ఆంధ్రరాజుల పట్టికలయం దీ పేర్లు కానరావు. ఇట్టి యెడల నాణెముపై నొక్క యక్షరము చెడినచో రాజు పేరే మాఱిపోవును. కావున అక్షరమును చదువుటకు ముందు లోహమును చదువవలెనని మా యభిప్రాయము.

శాతవాహనయుగమున రాగి, సీసము, వెండియే కాక, రాగిలో తగరమును సీసమును కలిపిన పోటిన్ అను మిశ్రలోహము కూడ నాణెములకు వాడబడెను. కొన్ని నాణెములను మూసలలో పోతపోసిరి. సంగారెడ్డి సమీపమునందలి కొండాపురపు త్రవ్వకములలో అట్టి మట్టిమూసలు లభించినవి. మఱికొన్నింటికి లోహపుబిళ్ళను సిద్ధపఱచి, పట్టెడలో దిగవేసిన క్రింది అచ్చుపై నుంచి, పై అచ్చును చేతితో నిలిపి, సుత్తితో మోదిరి.

బిళ్ళ దోషములు పెక్కు విధములు. పోతలో గాలి చిక్కినచో ఉపరితలమున గుంటలు పడును. లోహము పెళుసైనచో దెబ్బకు అంచులు పగులును. బిళ్ళ అచ్చుకంటె చిన్నదైనచో లేఖలో కొంతభాగము వెలుపలనే నిలిచిపోవును. మందము సమముగా లేనిచో పలుచనిచోట ముద్ర సరిగా పడదు.

అచ్చు దోషములు వేఱు. సుత్తిదెబ్బ నేరుగా తగులుటచే పై అచ్చు క్రిందిదానికంటె త్వరగా చెడును. అక్షరపుటంచులు మొద్దుబాఱును. అచ్చు పగిలినచో ఆ పగులు నాణెముపై ఉబ్బెత్తుగీతగా కనబడును. అచ్చులో త్రుప్పుగుంట యేర్పడినచో నాణెముపై చుక్క లేచును.

వీనివలన కలుగు ప్రమాదమును తొలి బ్రాహ్మీలిపియే చూపును. అందు కకారము కూడికగుర్తు వంటిది, రకారము నిలువుగీత. అడ్డగీత పడనిచో కకారము రకారమగును. తకారమునకు పైనున్న కాడ చెదరినచో గకారమగును. త్రుప్పుచుక్క అక్షరముప్రక్కన లేచినచో అనుస్వారమను భ్రాంతి కలుగును.

ఈ దోషములను వేఱుపఱచుట కష్టము కాదు. ఒకేచోట రెండువైపులను ముద్ర మసకగా నున్నచో బిళ్ళ పలుచనిదని యూహింపవచ్చును. వాడుకలో అరిగిన నాణెమున మిక్కిలి ఎత్తైన భాగములే ముందుగా నునుపెక్కును. అన్నిటికంటె ప్రధానమైన పరీక్ష పోల్చిచూచుట. బిళ్ళదోషము ఆ యొక్క నాణెమునకే చెందును. అచ్చుదోష మట్లు కాదు. అది పుట్టిన తరువాత ఆ అచ్చున పడిన ప్రతి నాణెముపైనను అదేచోట మరల కనబడును. పగులు లేనివి ముందు, పగులు పెరిగినవి తరువాత వెలువడినవని క్రమమును కూడ నిర్ణయింపవచ్చును.

1939లో విదర్భలోని తర్హాళలో దొరకిన పోటిన్ నాణెముల నిక్షేపమునుండి కుంభశాతకర్ణి, కర్ణశాతకర్ణి మొదలగు పురాణములెఱుగని పేర్లు చరిత్రకారుల చర్చలోనికి వచ్చినవి. ఇట్టి పేర్లను విచారించునపుడు అవి యెన్ని నాణెములపై గలవని మాత్రమే యడుగుట చాలదు. ఎన్ని అచ్చులపై గలవని యడుగవలెను. పది నాణెములును ఒకే అచ్చున పడినవైనచో అవి పది సాక్ష్యములు కావు, సాక్ష్య మొక్కటియే. నాణెములలోని ప్రాకృతనామములను ఆధారముగా గైకొని భాషాచరిత్రను నిర్మించువారికిని ఈ నియమము వర్తించును. కావున నాణెముల పట్టికలను ప్రకటించువారు లేఖాపాఠముతో పాటు ప్రతి నాణెము బరువును, బిళ్ళస్థితిని, ఏ అచ్చున పడినదను విషయమును తెలుపుట యావశ్యకమని మేము తలంచుచున్నాము.