రెండణాల ఏనుగు

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు నూరేండ్లు నిండిన సందర్భమున, 1951 జనవరిలో మన తపాలా శాఖ రెండణాల బిళ్ల నొకదానిని వెలువరించినది. దానిపై స్టెగోడాన్ గణేశ జాతి ఏనుగులు రెండు. శివాలిక్ కొండలలో శిలాజములై దొరికినవి. ఎంతటి దంతములు! నడుమ చోటు చాలక తొండము ప్రక్కగా వ్రేలాడెడిదని కొందరి ఊహ. చైనావారు లుఫెంగోసారస్ అను రాక్షసబల్లిని బిళ్ల కెక్కించినది 1958లో గదా. మన ఏనుగు ఏడేండ్లు పెద్దది.

బాల్యమున ఆ బిళ్లను మా తాతగారి పాత ఉత్తరపు కవరునుండి కత్తిరించి, నీట నానవైచి, కవరును పారవేసితిని. తపాలా ముద్రలో సగము దానితోనే పోయినది. ఏ యూరినుండి, ఏనాడు వ్రాసిరో చెప్పగలవారు నేడు లేరు. దొరికిన పొరను గుర్తింపక పెకలించిన శిలాజమునకును కాలనిర్ణయ మిట్లే దుర్ఘటము. విద్యార్థులు పాత కవర్లు తెచ్చి చూపినప్పుడు, ముందు కత్తెర నా చేతి కిమ్మందును.