మందు చేరే దారి

కాలిలో ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. వెంటనే కాలు తీస్తాం. నిప్పు సెగ తగిలితే చెయ్యి వెనక్కు లాగుతాం. ఈ నొప్పి మన శరీరానికి కాపలాదారు వంటిది. గాయం మానగానే అదీ వెళ్లిపోతుంది. కాని కొన్ని నొప్పులు అలా పోవు. మూడు నెలలు దాటినా విడవని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. తాతగారు రాత్రంతా నిద్రపట్టక మంచం మీద అటూ ఇటూ దొర్లడం, ఏమిటని అడిగితే "ఏమీ లేదురా, నువ్వు పడుకో" అనడం చాలా ఇళ్లలో పిల్లలు చూసేదే. అటువంటి నొప్పి ఇక హెచ్చరిక కాదు. అదే ఒక జబ్బు.

ఇటువంటి నొప్పులన్నిటికీ ఒకే మందు పనిచేయదు. మోకాళ్ల అరుగుదలకు, నడుము నొప్పికి సరైన వ్యాయామం, ఫిజియోథెరపీ మాత్రల కంటె ఎక్కువ మేలు చేస్తాయి. క్యాన్సర్ ముదిరినప్పుడు వచ్చే తీవ్రమైన నొప్పి సంగతి వేరు. దానికి మార్ఫిన్ అనే మందు కావాలి. తేలిక నొప్పికి పారాసిటమాల్ వంటి మందుతో మొదలుపెట్టి, అది చాలనప్పుడు మెట్టు మెట్టుగా మార్ఫిన్ దాకా వెళ్లాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పింది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, గడియారం చూసి వేళకు మాత్ర వేసుకోవడం ఈ పద్ధతిలో ముఖ్యం. మార్ఫిన్ ఖరీదైన మందు కూడా కాదు.

ఈ మందు పుట్టేది నల్లమందు నుంచి. మనం కూరల్లో వేసుకునే గసగసాలు ఆ మొక్క గింజలే. మొక్క కాయ పచ్చిగా ఉన్నప్పుడు దానిమీద సన్నని గాట్లు పెడతారు. గాట్లలో ఊరిన పాలు గట్టిపడ్డాక గీకి తీస్తారు. అదే నల్లమందు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల్లో కొందరు రైతులు ప్రభుత్వ లైసెన్సుతో ఈ పంట పండిస్తారు. నీమచ్, ఘాజీపూర్ పట్టణాల్లో దాన్ని శుద్ధిచేసే ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. ఇతర దేశాలకు కూడా మనం నల్లమందు ఎగుమతి చేస్తాం. అయినా ఈ దేశంలోనే లక్షలాది రోగులకు మార్ఫిన్ మాత్ర దొరకని కాలం వచ్చింది.

అందుకు కారణం మందు కొరత కాదు. మాదకద్రవ్యాల దుర్వినియోగాన్ని అరికట్టడానికి 1985లో పార్లమెంటు ఒక కఠిన చట్టం చేసింది. ఉద్దేశం మంచిదే. కాని మార్ఫిన్‌కు సంబంధించిన నియమాలు చేసే అధికారం ఆ చట్టం రాష్ట్రాలకు వదిలింది. ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరున నియమాలు రాసుకుంది. మందు నిలవ ఉంచుకోవడానికి ఒక అనుమతి, కొనడానికి ఒకటి, రాష్ట్ర సరిహద్దు దాటించడానికి మరొకటి. వీటిని ఇచ్చే శాఖలు వేరు వేరు. చాలా రాష్ట్రాల్లో నాలుగైదు అనుమతులు ఏకకాలంలో చెల్లుబాటులో ఉంటేగాని ఆసుపత్రికి మందు రాదు. చివరి కాగితం చేతికందేసరికి మొదటి కాగితం గడువు తీరిపోయేది! కాగితంలో పొరపాటు జరిగితే జైలుశిక్ష భయం. ఇంత తలనొప్పి ఎందుకని ఆసుపత్రులు, మందుల దుకాణాలు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి. 1985 తర్వాత పన్నెండేళ్లలో దేశంలో మార్ఫిన్ వాడకం తొంభై శాతానికి పైగా పడిపోయింది. 1997లో దేశమంతా కలిసి వాడింది సుమారు 18 కిలోలే. నొప్పితో ఉన్నవారు ఏ కార్యాలయానికీ వెళ్లి ఫిర్యాదు చేయలేరు కనుక ఈ సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నవారిలో కేరళ వైద్యులు ముందున్నారు. 1993లో కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, వారి మిత్రులు కలిసి నొప్పి ఉపశమన సంఘం స్థాపించారు. రోగి మార్ఫిన్ మాత్రలు ఇంటికి తీసుకువెళ్లి వేసుకునే ఏర్పాటు చేశారు. మత్తుకు అలవాటు పడతారేమో, మాత్రలు దొంగచాటుగా అమ్ముకుంటారేమో అని అధికారులు శంకించారు. ఆ శంకకు వైద్యులు లెక్కలతోనే జవాబిచ్చారు. రెండేళ్లలో 1,723 మంది రోగులకు మార్ఫిన్ ఇవ్వగా దుర్వినియోగమైన సందర్భం ఒక్కటీ కనిపించలేదని 2001లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రకటించారు.

ఇక రాష్ట్రాల నియమాలు ఒక దారికి రావాలి. నియమాలను సులభం చేయమని 1998లో కేంద్ర రెవెన్యూ శాఖ ఒక నమూనా తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. కొన్ని రాష్ట్రాలు పాటించాయి. చాలా రాష్ట్రాలు పక్కన పెట్టాయి. పాటించిన చోట్ల కూడా మందు తేలికగా రాలేదు. ఒక శాఖ సరేనంటే మరో శాఖ ఫైలు ఆపేది. 2007లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరకు 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్ వంటి అత్యవసర మందులకు దేశమంతటా ఒకే నియమావళి ఏర్పడింది. ఇప్పుడు ఆసుపత్రి గుర్తింపు కోసం అడగవలసింది రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఒక్కరినే. వచ్చిన మాత్రలెన్ని, ఎవరికెన్ని ఇచ్చారు అన్న లెక్క మాత్రం ఆసుపత్రి తప్పక రాసి ఉంచాలి.

చట్టం మారినంత మాత్రాన మందు మంచం దగ్గరికి నడిచిరాదు. ఆ చివరి దూరం ఎలా దాటాలో కూడా కేరళలోనే తెలిసింది. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన చికిత్సను ప్రభుత్వ విధానంగా ప్రకటించి పంచాయతీలకు బాధ్యత అప్పగించింది. నర్సు సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ వెళుతుంది. పుండు కడుగుతుంది, మాత్రల వేళలు చెబుతుంది, ఇంటివారి కష్టసుఖాలు వింటుంది. వినడం కూడా చికిత్సలో భాగమే. నొప్పి ఒంటికే పరిమితం కాదని, అందులో అప్పుల దిగులు, ఒంటరితనం, భయం కలిసి ఉంటాయని ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు అంతకు చాలా ముందే చెప్పింది. ఆమె 1967లో లండన్‌లో ఇటువంటి రోగుల కోసమే సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రమం వంటి ఆసుపత్రిని నెలకొల్పింది.

ఇతర రాష్ట్రాలూ కదిలాయి. మహారాష్ట్ర 2012లో, కర్ణాటక 2016లో తమ విధానాలు ప్రకటించాయి. హైదరాబాదు ఎమ్మెన్జె క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం పనిచేస్తున్నది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక జిల్లాల్లో కూడా ఇటువంటి కేంద్రాలు వెలిశాయి. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఉపశమన చికిత్సకు చోటు దక్కింది.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. మార్ఫిన్ రాయడం నేర్వకుండానే పట్టా పుచ్చుకున్న వైద్యులు అనేకులు. 2019లో వచ్చిన కొత్త వైద్యవిద్యా ప్రణాళికలో ఈ పాఠం చేర్చారు. ఆ పాఠం చదివినవారు వైద్యులై, గుర్తింపు కోసం ఔషధ నియంత్రణాధికారికి అర్జీ పెట్టే ఆసుపత్రులు పెరిగితేగాని, నీమచ్‌లో తయారైన మందు మారుమూల పల్లెలో రోగి పడుకున్న మంచం దాకా చేరదు.