పచ్చ ప్లేటు ఉందా, లేదా?

బందరు కోనేరు సెంటర్లో కాసేపు నిలబడితే రెండు రకాల ఎలక్ట్రిక్ స్కూటర్లు కనిపిస్తాయి. కొన్నిటికి పచ్చ నంబర్ ప్లేటు ఉంటుంది, కొన్నిటికి అసలు ప్లేటే ఉండదు. "బ్యాటరీ బండేగా, లైసెన్స్ ఎందుకు?" అని మనలో చాలామంది అంటుంటారు. ఆ మాట రెండో రకానికే వర్తిస్తుంది, అదీ కొన్ని షరతులతో.

ఈ విషయంలో బందరుకి ఒక రూలు, గుడివాడకి ఒకటి, అవనిగడ్డకి ఇంకొకటి లేవు. దేశమంతటికీ 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నిబంధనలే. వాటి ప్రకారం స్కూటర్ మోటారు పవర్ 250 వాట్ల కంటే తక్కువ ఉండాలి. గరిష్ఠ వేగం గంటకి 25 కిలోమీటర్లలోపు ఉండాలి. బ్యాటరీ తీసి తూస్తే బరువు 60 కిలోలు దాటకూడదు. కోడింగ్ భాషలో ఇది 'ఆండ్' కండిషన్. మూడూ నిజమై, టెస్టింగ్ సంస్థ ఆమోదం కూడా ఉంటేనే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. అప్పుడే రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అక్కర్లేదు.

ఒక్కటి తప్పినా చట్టం దృష్టిలో అది పెట్రోలు బండి లాంటిదే. రిజిస్ట్రేషన్, లైసెన్స్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, నడిపేవాళ్లకీ వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్, అన్నీ కావాలి. 2021 ఆగస్టులో కేంద్రం బ్యాటరీ బండ్లకి రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసింది. తీసేసింది ఫీజునే, రిజిస్ట్రేషన్ మాత్రం చేయించాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడుంది. 25 దాటకుండా పెట్టిన స్పీడ్ లాక్‌ని కొందరు తీయించేస్తారు. బండి 40లో పోతుంది, బాగానే ఉంటుంది. కానీ ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు, బండి ఓనరు కట్టాలి. మన ఇళ్లలో ఆ ఓనరు ఎక్కువగా నాన్నే. ఇంటర్ చదివే తమ్ముడు నడుపుతూ దొరికితే ఇంకా కష్టం. 2019 సవరణ తర్వాత మైనర్ నేరానికి తల్లిదండ్రులకీ ఓనరుకీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడే అవకాశం ఉంది.

ఇక రోడ్డు సంగతి. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమలోకి వెళ్లేది 216 జాతీయ రహదారి. వెనక లారీ వస్తుంటే 25 స్పీడు బండికి ఎడమ అంచే గతి. ఆ బండికి హెల్మెట్ తప్పనిసరి కాకపోవచ్చు, కానీ తల ఎవరిదైనా తలే కదా. పెట్టుకోండి.

కొనేముందు షాపులో మూడు అడగండి: మోటారు ఎన్ని వాట్లు? గరిష్ఠ వేగం ఎంత? టెస్టింగ్ సంస్థ ఆమోద పత్రం ఏది? "లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాటని నోటితో చెబితే చాలదు, కాగితం మీద చూపించమనండి.